కసావా కొండెక్కిన రోజు

కెనడాలో ఇప్పుడు నేనుంటున్న మార్కమ్‌లో మా రూమ్మేట్ నిన్న ఒక సెంటు కొవ్వొత్తి వెలిగించాడు. డబ్బా మీద ‘ఎడారి వసంతం’ అని ఉంది. వాసన సగమే నిజం. ఎండకు కాగిన సేజ్ పొదల ఘాటు ఉంది కానీ తడిసిన కుక్క వాసన లేదు. నాకు తెలిసిన ఎడారి వసంతంలో ఆ రెండూ కలిసే ఉండేవి, వాటి మధ్య అప్పలమ్మ ఆంటీ ఉండేది.

నేను చదువుకున్న ఊరు, పడమటి కెనడాలో సగం ఎడారిలా ఉండే కామ్లూప్స్‌లో గదుల కన్నా విద్యార్థులు ఎక్కువైపోయిన రోజుల్లో నాకు తన బేస్‌మెంట్ ఇచ్చినావిడ ఆమె. ఫిజీలో పుట్టిన తెలుగావిడ. ఆమె మాట్లాడేది నాయనమ్మ నేర్పిన తెలుగు, చెరకు తోటల కూలికి మనవాళ్లు శ్రీకాకుళం నుంచి ఓడెక్కిన నాటిది. దూడంత ఉండే ఆమె కుక్క పేరు కసావా, అంటే కర్రపెండలం. ఆ ఏడు ఆంటీకి మోకాలి ఆపరేషన్ అయింది. కుక్కను తిప్పే మనిషి లేడు కాబట్టి ఆదివారం వచ్చి తీసుకెళ్లి ఎవరికైనా ఇచ్చేస్తానని వాంకూవర్ నుంచి కూతురు చెప్పేసింది. శనివారం పొద్దున్నే ఆంటీ చేతికర్ర అందుకుని, కుక్క పట్టీ నా చేతిలో పెట్టింది.

“కొండకెల్దాం. పూలొచ్చుంటాయి.”

“ఆంటీ, నాకు కుక్కలంటే భయం.”

“దానికి తెలుగు రాదులే. నీ భయం దానికేటి తెలుస్తాది?”

కొండ మీద చెట్టన్నది లేదు. బూడిదరంగు సేజ్ పొదలు, నేలబారు నాగజెముడు, వాటి మొదళ్లలో గోరంత పసుప్పచ్చ పూలు వేలకు వేలు. అంత అందానికి కవిత్వం రావాలి. నాకు చెమట వచ్చింది. మంచు కరిగిన గుంటలో దొర్లి వచ్చిన కసావా సగం దారిలో కుంటుతూ ఆగిపోయింది. ముందుకాలి పాదంలో నాగజెముడు ముక్క దిగబడింది. ఆంటీ మోకాలు వంగదు.

“నువ్వే తియ్యాల.”

“కరిస్తే?”

“కరిస్తే ఆస్పత్రికెల్దాం. ముందు ముల్లు తియ్యి.”

మన కుర్రాళ్ల వెనక జేబులో ఇంకేం లేకపోయినా దువ్వెన ఉంటుంది. దాని పళ్లు ముక్క కిందికి పోనిచ్చి, కళ్లు మూసుకుని లాగాను. ముక్క ఊడి ఎగిరిపడింది. కసావా నా మొహమంతా నాకేసింది. అప్పుడు నేను పెట్టిన కేకను విజయధ్వానమనే అందరికీ చెబుతుంటాను.

పైకి చేరడానికి గంటన్నర పట్టింది. వాలంతా పసుపు ఆరబోసినట్టుంది. కొత్త మోకాలితో ఎక్కిన ఆంటీ మహారాణిలా ఒక రాయి మీద కూర్చుని కూతురికి ఫోన్ చేసింది.

“రేపు రావొద్దు. తిప్పడానికి మనిషి దొరికాడు.”

“హూ ఈజ్ ఇట్, మామ్?”

“మన కిందింటి పిల్లోడు. కుక్కలంటే ప్రాణం పెడతాడు.”

ఆ పిల్లోడెవరా అని నేను వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు.

ఆదివారం ఎవరూ రాలేదు. సోమవారం నుంచి, నేను ఊరు వదిలే దాకా, ప్రతి పొద్దునా కసావాను నేనే తిప్పాను. ఆంటీ చెప్పిన అబద్ధం నిజం కావడానికి రెండు వారాలు పట్టింది. ఇప్పటికీ నాకు చేతకాని పని ఎదురైతే, నా గురించి ఎవరో ఎక్కడో ఫోన్‌లో గొప్పగా చెప్పేశారనుకుని మొదలుపెట్టేస్తాను.