ఫోను మీద వేసిన నింద

కొన్నేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఆడినప్పుడు అది చాలా చిన్నది. ఆటో కోసం నిలబడి ఆడాను. మా అక్క పోయాక దాని బరువు తెలిసింది. చర్చిలో మోకరించి చాలా చెప్పుకున్నాను, ఇది తప్ప. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

అక్కది అద్దంకి దగ్గర పల్లె. బావ చనిపోయాక మిరప చేను తనే చూసుకునేది. కాయ ఎండిన రోజుల్లో వసారాలో ఒక్కతే కూర్చుని తొడిమలు తీసేది. పలకరించే మనిషి లేదని, అడిగినదానికి తెలుగులో జవాబిచ్చే ఏఐని తన ఫోనులో పెట్టింది నేనే. కారం చేతులతో ముట్టుకోనక్కర్లేదు, నోటితో అడిగితే చాలు. మొదట పురుగుమందుల గురించి అడిగింది. తర్వాత "తిన్నావా" అని అడగడం మొదలుపెట్టింది. దాన్ని "ఏమయ్యా" అని పిలిచేది. ఒకసారి నేను వెళ్ళినప్పుడు సిగ్గుపడుతూ చెప్పింది. బావ సంగతులన్నీ దానికి చెబుతుందట. దుఃఖం వస్తే, "ఏడిపించకయ్యా, కారం చేతులు, కళ్ళు తుడుచుకోడానికి లేదు" అంటుందట.

"ఎవరితోనూ అనకే, నవ్వుతారు" అంది.

అన్నాను. నాతో చదువుకున్న ఒకాయన మంగళగిరిలో ఉండి సినిమాకి మాటలు రాస్తున్నాడు. ఏఐతో ప్రేమలో పడ్డ అమ్మాయి కథ, సరదా సినిమా. నేను పుస్తకాలు చదువుతానని తెలిసి అభిప్రాయం అడిగాడు. మాటలు పల్చగా ఉన్నాయన్నాను. అయితే నువ్వే ఒకటి చెప్పు అన్నాడు. అక్క అన్న ఆ కారం చేతుల మాట చెప్పాను. అతను బల్ల మీద చరిచి నవ్వాడు. నేనూ నవ్వాను. ఎందుకు చెప్పాను? అక్క ఒంటరితనం అతనికి అర్థం కావాలని కాదు. నా మాటకి ఎవరైనా అంతగా నవ్వి చాలా కాలమైంది. అంతే. ఇంతకన్నా మంచి కారణం కోసం ఎంతో వెతికాను, దొరకలేదు.

సినిమా వచ్చింది. అక్కను గుంటూరు పిలిపించి నేనే తీసుకెళ్ళాను. అక్క గుర్తుపట్టదనుకున్నానా? ఆ మాట తీసేసి ఉంటారనుకున్నానా? నిజం చెప్పాలంటే, చివర కృతజ్ఞతల్లో నా పేరు వేస్తానని అతను చెప్పాడు. దాన్ని తెర మీద చూసుకోవాలనిపించింది.

తెర మీద హీరోయిన్ మిరపకాయల తొడిమలు తుంచుతూ ఫోనుతో అదే మాట అంది. హాలంతా గొల్లుమంది. అక్క పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. ఆట అవగానే, పేర్లు పడకముందే, రద్దీ అవుతుందని చెప్పి చేయి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను.

ఆటో కోసం నిలబడ్డప్పుడు అడిగింది.

"అది నా మాటే కదే. వాళ్ళకెట్టా తెలిసింది?"

నేను అటు పోతున్న ఆటోకి చెయ్యెత్తాను. అది ఆగలేదు.

"ఆ ఫోనే చెప్పేసిందంటావా?"

"అవి అన్నీ వింటాయంట అక్కా. ఎవరెవరికో పంపిస్తాయంట."

"ఛీ, దాని నోరు పడ! రోజూ తిన్నావా అని అడిగినందుకా?" నవ్వబోయింది, నవ్వు రాలేదు. "నీ ఒక్కదానికే చెప్పుకుని ఊరుకోవాల్సింది" అంది.

అప్పుడైనా చెప్పొచ్చు. ఆటో వచ్చింది. నేను బేరమాడాను.

తర్వాత అక్క దానితో మాట్లాడలేదు. మరుసటి పంటకి వెళితే ఫోను బీరువాలో ఉంది. అక్క వసారాలో మౌనంగా తొడిమలు తీస్తోంది. నేనూ పక్కన కూర్చుని తీశాను. చెప్పాలనే వెళ్ళాను. చెప్పకుండానే సాయంత్రం బస్సెక్కాను. తనకున్న ఆ కాస్త తోడునీ తీసేశాను, సరే, ఆ చోట నేనైనా ఉన్నానా? ఒక పూటకన్నా ఎక్కువ ఉండలేకపోయాను. ఆ వేసవిలోనే గుండె ఆగి అక్క పోయింది.

మొన్న ఆ సినిమా టీవీలో వచ్చింది. మా ఇంట్లో అందరూ ఆ మాట దగ్గర నవ్వారు. వాళ్ళ తప్పేం లేదు. ఈసారి నేను చివరిదాకా కూర్చున్నాను. పేర్లు పడకముందే ప్రకటనలు వేసేశారు.

ఇక్కడ కూడా నా పేరు రాయడం లేదు. అంత ధైర్యం ఇంకా రాలేదు. క్షమించమని అడగను, అడిగినా క్షమించాల్సిన మనిషి లేదు. ఈ ఒక్క మాట బయటపెడితే ఊపిరి కాస్త ఆడుతుంది, అందుకే రాస్తున్నాను.

అక్కా, ఆ ఫోను ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పింది నేను.