మిషన్‌కు తెలియని ‘అవ్’

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో మనిషికి ఉన్నంత తెలివి ఆ తర్వాత ఎప్పుడూ ఉండదు. కనీసం ఉందనుకోవడమైనా ఉండదు. ఇబ్రహీంపట్నం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ప్రోగ్రామింగ్ చెప్పడానికి చేరేనాటికి నాకు ఇరవై నాలుగేళ్ళు, నా తెలివికి హద్దే లేదు. బడంగ్‌పేట్‌లో మా ఇల్లు. మా నాన్నగారు గోదావరి పక్క నుంచి వచ్చి స్థిరపడ్డారు. మా ఇంట్లో మంచినీళ్ళు అడగాలన్నా చివర ‘అండి’ తగిలించాల్సిందే. నేను పుట్టి పెరిగింది ఇక్కడే అయినా, మా కాలనీ గేటు దాటి నా చెవులు పెద్దగా బయటికి వెళ్ళలేదని చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ తెలియడం గురించే ఈ కథ.

మా ల్యాబులో పిల్లలు ప్రోగ్రాములు రాసేది కంప్యూటర్ నోట్‌బుక్‌లో. పేరుకు నోట్‌బుక్కే గాని కాగితాలుండవు. తెర మీద వరసగా గడులుంటాయి. గడిలో ప్రోగ్రాం రాసి నొక్కితే దాని కిందే జవాబు వస్తుంది. అరవై మంది నోట్‌బుక్కులు తెరిచి, ఒక్కొక్కటీ నడిపి మార్కులేసేసరికి నా కళ్ళు ఎర్రబడేవి. అప్పుడు దొరికింది నాకు ఒక అద్భుతం. నోట్‌బుక్‌కు తగిలించుకునే చిన్న హంగు అది. సరైన జవాబులు మనం ముందే లోపల దాచిపెడితే, పిల్లల ప్రోగ్రాములన్నీ అదే నడిపి, జవాబులు పోల్చి, మార్కులు వేసి జాబితా చేతికిస్తుంది. నేను దానికి చేసిన ప్రచారం అంతా ఇంతా కాదు. స్టాఫ్ రూములో కనిపించినవాళ్ళందరికీ, అడగకపోయినా, “దానికి పక్షపాతం ఉండదండీ, మనిషి కాదు కదా” అని చెప్పేవాణ్ణి. పిల్లలు నాకు ‘మిషన్ సార్’ అని పేరు పెట్టారు. (పొగడ్త అనుకున్నాను.)

మొదటి పరీక్షకు సులువైన లెక్కే ఇచ్చాను. సంవత్సరం ఇస్తే అది లీపు సంవత్సరమా కాదా చెప్పే ప్రోగ్రాం రాయాలి. క్లాసులో చాలామంది పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాళ్ళు కాబట్టి, వాళ్ళ మీద ప్రేమ కొద్దీ, “జవాబు తెలుగులో రావాలి” అని ఒక వాక్యం చేర్చాను. ఐదు సంవత్సరాలు, రెండేసి మార్కులు. అందులో నాలుగు లీపు సంవత్సరాలు, ఒకటి కాదు. సరైన జవాబులుగా ‘అవును’, ‘కాదు’ అని లోపల దాచి, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాను.

మర్నాడు జాబితా వచ్చింది. ముగ్గురికి పదికి పది. మిగతా యాభై ఏడు మందికీ తలా రెండు. సున్నా కాదు, నాలుగు కాదు, అందరికీ రెండే. నా తెలివి వెంటనే పనిచేసింది: ఒకడు తప్పు రాశాడు, యాభై ఆరు మంది చూసి రాశారు. ఒక్కరి నోట్‌బుక్ కూడా తెరిచి చూడకుండా క్లాసులోకి వెళ్ళి, నిజాయితీ గురించి అరగంట ఉపన్యాసం ఇచ్చాను. పెద్దసారుకు, అంటే మా విభాగం హెడ్‌కు, కూడా మాస్ కాపీయింగ్ అని చెప్పేశాను.

ఇక్కడ వచ్చింది చిక్కు. ఆ వారమే ఒక కంపెనీ ఉద్యోగాల పరీక్ష పెట్టడానికి కాలేజీకి వస్తోంది. మా ల్యాబు పరీక్షలో పదికి నాలుగైనా రానివాళ్ళ పేర్లు కంపెనీకి పంపే జాబితాలో ఉండవు. జాబితా ఆ సాయంత్రం నాలుగింటికి వెళ్ళిపోవాలి.

మా క్లాసులో ఒకామెను అందరూ ‘అక్క’ అనేవారు. కోహెడ నుంచి వచ్చేది. డిప్లొమా అయ్యాక మూడేళ్ళు ఒక జిరాక్స్ సెంటర్‌లో పనిచేసి, మళ్ళీ చదువులో చేరింది కాబట్టి మిగతావాళ్ళకంటే పెద్దది, నాకంటే ఒక ఏడాదే చిన్న. ఈ కంపెనీ పరీక్ష కోసం ఆమె ఆర్నెల్లుగా ఎదురుచూస్తోందని అందరికీ తెలుసు. ఆ రోజు పొద్దున ఒకసారి, భోజనాల వేళ ఒకసారి వచ్చి నా గుమ్మం దగ్గర నిలబడింది. నేను తలెత్తకుండానే, “మార్కులు మిషన్ వేసిందమ్మా, నా చేతిలో ఏం లేదు” అని పంపేశాను. మూడోసారి రెండున్నరకు వచ్చింది. ఈసారి కుర్చీ లాక్కుని కూర్చుంది.

“మార్కులు వెయ్యకుండ్రి సార్. నేను రాసింది ఒక్కసారి చదువుండ్రి. తప్పు యాడుందో చూపెట్టుండ్రి, పోత.”

తెరిచాను. ఒక్కో వరుసా చదువుతూ వచ్చాను. నాలుగుతో భాగించడం, వందతో భాగించడం, నాలుగు వందలతో భాగించడం, అన్నీ ఉన్నాయి. నాకంటే శుభ్రంగా రాసింది. చివరి వరుస దగ్గర ఆగాను.

“ఇదేంటమ్మా?”

“అవ్ సార్.”

“అవుననడం కాదు, ఇది ఏంటని అడుగుతున్నాను.”

“గదే చెప్తున్న గద సార్. అవ్.”

“ఏది అవ్?”

“లీపు సంవత్సరమైతే అవ్, లేకుంటె కాదు. తెలుగుల రావాలె అని మీరే అంటిరి.”

“‘అవును’ అని కదమ్మా రాయాలి.”

“గట్లని ప్రశ్నల లేదు సార్. మా ఇంట్ల అందరం అవ్ అనే అంటం. గా మిషన్ మీ ఇంట్ల పుట్టిందా?”

పక్క నోట్‌బుక్ తెరిచాను, ‘అవ్’. ఇంకోటి తెరిచాను, ‘అవ్’. ‘కాదు’ మాత్రం అందరికీ ఒకటే కాబట్టి ఆ రెండు మార్కులూ దక్కాయి. పదికి పది వచ్చిన ముగ్గురూ మా కాలనీ వైపు పిల్లలే. పక్షపాతం ఉండదని ఊరంతా చాటింపు వేసినవాణ్ణి, ఆ జాబితా చూసి సిగ్గుతో చచ్చిపోయాను.

గబగబా ‘అవ్’ కూడా సరైనదే అని లోపల రాసి మళ్ళీ నడిపాను. అక్కకు పది వచ్చాయి. ఆమెతో కలిపి నలభై ఐదు మందికి మార్కులు పెరిగాయి. పన్నెండు మంది ఇంకా రెండు దగ్గరే ఉన్నారు. చూస్తే ఒకరు ‘ఔ’, ఒకరు ‘హౌ’, ఒకరు ‘అవు’. ఒక అబ్బాయి ‘అవును సార్’ అని రాశాడు (మహా మర్యాదస్తుడు, మిషన్‌ను కూడా సార్ అన్నాడు). మూడున్నరైంది. ల్యాబు తాళాలు చూసే అన్న నా వెనక నిలబడి అంతా చూస్తున్నాడు. “‘హౌ మల్ల’ అని ఎవ్వరు రాయలేదా సార్?” అన్నాడు. ‘అవును మరి’కి వాళ్ళ మాట అది; నవ్వులాటకు అన్నాడనుకున్నాను. వెతికితే అదీ ఉంది. ఇక మిషన్ను నమ్మక, ఆ పన్నెండు నోట్‌బుక్కులూ నేనే చదివాను. అక్క పేర్లు పిలుస్తుంటే మార్కులు వేశాను.

నాలుగుకు ఐదు నిమిషాలుందనగా పెద్దసారు ముందు నిలబడ్డాను. ఆయన జాబితా చూసి, “పొద్దుగాల అందరు కాపీ గొట్టిన్రంటివి, ఇప్పుడు అందరు పాసంటున్నవ్. మిషన్ ఖరాబైందా?” అన్నారు.

“మిషన్ బాగానే ఉంది సార్. నాకే తెలుగు సరిగా రాదు.”

విషయమంతా చెప్పాను. ఆయన మూతి బిగబట్టి నవ్వాపుకుంటూ సంతకం పెట్టారు. తర్వాత క్లాసుకు వెళ్ళి యాభై ఏడు మందికీ క్షమాపణ చెప్పాను. అరగంట ఉపన్యాసానికి రెండు నిమిషాల క్షమాపణ ఏం సరిపోతుంది గాని, పిల్లలు మంచివాళ్ళు, చప్పట్లు కొట్టారు.

ఆ కంపెనీ పరీక్షలో అక్క నెగ్గింది. ఫలితాలు వచ్చిన రోజు వరండాలో గోడకు ఆనుకుని వాళ్ళమ్మతో ఫోన్లో మాట్లాడుతోంది. నేను వెనకే వస్తున్నది చూసుకోలేదు. “వచ్చిందమ్మా, నౌకరొచ్చింది. లే లే, గా సార్‌ను ఏమనకు. మంచోడే పాపం. జర నిదానంగ సమజైతది ఆయనకు, గంతే.”

చప్పుడు చేయకుండా వెనక్కి తిరిగి స్టాఫ్ రూములోకి వెళ్ళిపోయాను. ఇన్నేళ్ళలో నాకు మెమెంటోలు ఇచ్చారు, శాలువాలు కప్పారు, ప్రశంసాపత్రాలు చదివారు. నన్ను సరిగ్గా చదివింది మాత్రం ఆమె ఒక్కతే.