చప్పుడు తగ్గిన జీపు

ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు జనాన్ని చేరవేసే నా పాత జీపుకు ఈమధ్యే కొత్త రకం ఇంజన్ వేయించాను. పాతదాని మోత పోయి బండి మెత్తగా లాగుతుంటే ఆ సంబరంలో నాకు ఇంకేమీ పట్టలేదు.

దారిలో ఒక పల్లెలో చూపు ఆనని అవ్వ ఉంది. సంతనాడు కూరగాయల గంపతో అరుగు మీద కూర్చుని, జీపు చప్పుడు దూరాన వినబడగానే లేచి రోడ్డు మీదికి వచ్చేది. ఇంజన్ మార్చాక వచ్చిన మొదటి సంతనాడు ఆమె రోడ్డు మీద లేదు. ఏ ఊరికైనా పోయిందేమోనని ఆగకుండా వెళ్లిపోయాను. మరుసటి సంతకూ కనబడకపోయేసరికి బండి ఆపి ఇంటికి వెళ్లాను. అరుగు మీద గంప పక్కనే కూర్చుని ఉంది.

"ఏమవ్వా, రాలేదే?" అన్నాను.

"వచ్చినావాప్పా! బండి సద్దే ఇనపడల్యా. కండ్లు యానాడో పోయినాయి, ఇంక సెవులు గూడా పోతాండాయని వారం నుంచి ఏడుస్తాండా" అంది.

"నీ సెవులకేం కాలేదవ్వా. నేనే ఇంజన్ మార్చినాను. నీకు సెప్పల్లని తోచలేదు."

అవ్వ నవ్వి, చేయి పట్టుకుని జీపెక్కింది. ఇప్పుడు ఊరి మలుపు నుంచే హారన్ కొడుతున్నాను. అయినా ఆమె ఏడ్చిన ఆ వారం తలపుకొస్తే మనసు చివుక్కుమంటుంది.