అశోక్‌నగర్ చేతిపనుల పండుగకు ఒక సన్నికల్లు

చివరి రోజు నా భార్య కొబ్బరి పచ్చడి నూరింది. ఇద్దరం ఇడ్లీలు తిన్నాం. పదకొండింటికి ఆయాసంగా ఉందంది. ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఒంటిగంటకు పోయింది. తొమ్మిది నెలలైంది. ఇప్పుడు ఆ సన్నికల్లు మీద నేను నూరితే పలుకులు మిగిలిపోతున్నాయి, కొబ్బరి ఎడమవైపు జారి కింద పడుతోంది. రాయి అరిగిపోయింది, గంట్లు కొట్టించాలి అనుకున్నాను. మా దిల్‌సుఖ్‌నగర్ వైపు ఆ పనివాళ్లు రావడం మానేశారు. అశోక్‌నగర్‌లో ఒక కాలనీవాళ్లు చేతిపనులవాళ్లను పిలిచి రెండు రోజుల పండుగ చేస్తున్నారని తెలిసి ఆదివారం బయల్దేరాను.

ఎనిమిదిన్నరకు మెట్రో స్టేషన్‌కు చేరాను. రాయి, దాని మీద నూరే పొత్రం గోనెసంచిలో ఉన్నాయి. స్కానర్ దగ్గర సెక్యూరిటీ అతను సంచి విప్పించాడు. "ఏంది సార్, మెట్రోల చట్నీ నూర్తరా?" అన్నాడు. దిగాక నూరుతానన్నాను. "జర మాకు గూడ ఉంచుండ్రి" అని పంపించాడు. ఎంజీబీఎస్‌లో రైలు మారి చిక్కడపల్లిలో దిగేసరికి నలభై నిమిషాలు పట్టింది. అక్కడి నుంచి నడిచి కూడా రావచ్చు, చేతిలో బరువు లేకపోతే. నేను ఆటోకు యాభై ఇచ్చాను.

పార్కులో షామియానాలు వేశారు. ప్రవేశ రుసుం లేదు. కుండలు చేసేవాళ్లు, వెదురు బుట్టలు అల్లేవాళ్లు, ఇత్తడి గిన్నెలకు కళాయి పోసేవాళ్లు ఉన్నారు. చూసేవాళ్లలో ఎక్కువమంది హాస్టళ్లలో ఉండి ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్లు. చివరి షామియానాలో బాలమణి అనే ఆమె ఉలి, సుత్తె పెట్టుకుని కూర్చుంది. మహబూబ్‌నగర్ వైపు మనిషి. కవాడిగూడ బస్తీలో కిరాయికి ఉంటూ కట్టడం పనులకు పోతుంది. రాళ్లకు గంట్లు కొట్టడం తల్లి నేర్పిన పని.

నేను రాయి దించుతుంటే ఒక హాస్టల్ అమ్మాయి అడిగింది.

"అక్కా, దీన్నేమంటరు?"

"సన్నెకల్లు. మీ పరీక్షల్ల అడుగరా బిడ్డా?"

"సిలబస్‌ల లేదక్కా."

"గందుకే ఇంకా ఉద్యోగం రాలే నీకు."

అమ్మాయి స్నేహితులు గట్టిగా నవ్వారు. బాలమణి రాయి మీద అరచేయి ఆనించి ఇటునుంచి అటు మెల్లగా జరిపింది.

"ఎవలు నూరిన్రు సార్ దీని మీద?"

"నా భార్య."

"ఎడమచేతి వాటమా?"

"కాదు, కుడిచెయ్యే."

రాయి మీద అడ్డంగా ఒక పుల్ల పెట్టింది. "సూడుండ్రి. ఎడమ దిక్కు పుల్ల కింద ఏలు దూరుతది. కుడి దిక్కు కాయితం గూడ దూరది. అక్కకు కుడి రెక్క నొస్తుండె. బరువంత ఎడమ చెయ్యి మీదేసి నూరింది. శానేండ్ల సంది."

"నాకు చెప్పలేదు."

"మీరడిగిన్రా?" అని నవ్వబోయి, నా ముఖం చూసి ఆగింది. "అక్క ఏది?"

"పోయింది."

పుల్ల తీసి పక్కన పెట్టింది. తర్వాత అడిగింది: "మరి ఎవరి చెయ్యికి కొట్టాలె? పల్లం అట్లనే ఉంచి గంట్లు పెడితే అక్క చెయ్యి ఉంటది. మీరు నూరితే మాత్రం జారుతది. లేకుంటే కుడి దిక్కు దించి సాపు చేస్త. చేసినంక ఆ పల్లం మళ్ల రాదు."

నా భార్య అటక మీది డబ్బాలు ఎప్పుడూ నన్నే దించమనేది. అందక అడుగుతోంది అనుకునేవాణ్ణి. లేచి కళాయి పోసేచోటి దాకా నడిచి వెనక్కి వచ్చాను.

"సాపు చేయండమ్మా."

గంటన్నర పట్టింది. రెండు వందలు తీసుకుంది. మధ్యలో రాతిపొడిని గుడ్డతో తుడిచి పక్కకు నెట్టింది. అయ్యాక నా చెయ్యి పట్టి రాయి మీద పెట్టింది. ఎటు జరిపినా ఒకే ఎత్తు. "రేపు పొద్దుగాల తవుడు నూరి పారేయుండ్రి. ఎల్లుండి రాళ్లుప్పు. అప్పటిదాంక తినుడు వద్దు, పండ్ల కింద ఇసుక తగుల్తది" అంది. ఆ పక్కనే అరవై రూపాయలకు జొన్నరొట్టె, పచ్చిపులుసు తిని బయల్దేరాను.

నా భార్య నూరుతున్నంతసేపూ నేను ఎదురుగా కూర్చుని పేపర్ చదివేవాణ్ణి. ముప్పై ఒక్క సంవత్సరాలు. ముక్కూమొహం తెలియని మనిషి అరచేత్తో తడిమి చెప్పిన సంగతి నాకు కనబడలేదు. పల్లం ఉంచుకుని ఉండవచ్చు. అది ఆమె నొప్పి పడిన చోటు. నాకు ఉంచాలనిపించలేదు.

ఇలాంటి చోటికి రాయి తీసుకెళ్లేవాళ్లు ముందురోజే కడిగి ఎండబెట్టండి, తడి రాయికి గంట్లు సరిగ్గా పడవు. పదిలోపు చేరండి, తర్వాత వరుస పెరుగుతుంది.

రేపు పొద్దున ఆరింటికి బాల్కనీలో పీట వేసుకుని గుప్పెడు తవుడు నూరి పారేస్తాను.