ట్రైలర్‌తో రెండు మడ తీరాలు

డిసెంబరు మొదటి వారంలో జాతీయ దినోత్సవానికి వరసగా సెలవులు వచ్చాయి. బుధవారం మధ్యాహ్నం రెండింటికి మేం నలుగురం దుబాయ్‌లోని ఇంటర్నేషనల్ సిటీ నుంచి బయల్దేరాం. నేను, నా భార్య సుజాత, జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో నాతో ఒకే గోడౌన్‌లో పనిచేసే ఖాదర్ బాషా, అతని భార్య షమీమ్. ఖాదర్‌ది సూళ్ళూరుపేట. కరోనా మొదటి ఏడాది దుబాయ్ వదిలి వెళ్ళిపోతున్న ఒక జర్మన్ దంపతుల దగ్గర అతను పాత ట్రైలర్ కొన్నాడు. లోపల రెండు మంచాలు, గ్యాసు పొయ్యి, నీళ్ళ ట్యాంకు, ఒక్క మనిషి ఇరుక్కుని కూర్చోగల మరుగుదొడ్డి ఉన్నాయి. ఎండాకాలమంతా అల్ అవీర్ దగ్గర ఒక యార్డులో ముసుగేసి ఉంచి, చలి మొదలవగానే బయటికి తీస్తాడు.

ఈసారి మమ్మల్ని రమ్మనడానికి కారణం సుజాత. కరోనా రెండో ఏడాది, ఆ వేసవిలోనే ఆమె అన్నయ్య శ్రీను తాళ్ళరేవులో కరోనాతో పోయాడు. ఇండియా నుంచి ఇక్కడికి విమానాలు ఆపేసిన రోజులవి. వెళ్తే తిరిగి రాగలమో లేదో తెలియదు. వెళ్ళలేదు. శ్రీనుని ఆసుపత్రిలో చేర్చిన సంగతి అతని భార్య రత్నం దాదాపు వారం దాకా మాకు చెప్పలేదు. "వచ్చే దారి లేనిదానికి చెప్పి ఏడిపించడం ఎందుకని ఊరుకున్నామమ్మా" అంది తర్వాత. ఆ మాట పూర్తికాకుండానే సుజాత ఫోన్ పెట్టేసింది. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం రత్నం ఫోన్ చేస్తూనే ఉంది. సుజాత పేరు చూసి కట్ చేస్తూనే ఉంది. నర్సరీ స్కూల్లో పిల్లల్ని చూసుకునే పనికి వెళ్ళేది, వచ్చి పడుకునేది. ఏడవను కూడా లేదు. షమీమ్ వచ్చి, "అక్కా, ఊరికే రా. నువ్వేం చెయ్యాల్సిన పన్లా. కూర్చుంటే చాలు" అని బట్టలు సర్దించింది.

యార్డులో ట్రైలర్ తగిలించుకోవడానికి ముప్పావుగంట పట్టింది. కారు వెనక ఇనప గుండుకి దాని మూతి తగిలించి, గొలుసులు వేసి, లైట్ల వైరు కలిపి, వెలుగుతున్నాయో లేదో ఇద్దరం మార్చి మార్చి చూశాం. టైర్లలో గాలి కూడా అక్కడే చూసుకోవాలి. తర్వాత ఎమిరేట్స్ రోడ్డు ఎక్కాం. ట్రైలర్ వెనక ఉంటే ఖాదర్ ఎనభై దాటడు. కార్మికుల క్యాంపులున్న సోనాపూర్ వైపు పోయే కంపెనీ బస్సులు ఆ రోజూ నిండుగానే ఉన్నాయి. సెలవు అందరికీ ఒకేలా రాదు.

నాలుగింటికి ఉమ్ అల్ ఖువైన్ మడ తీరానికి చేరాం. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క లోపలికి చొచ్చుకొచ్చిన పాయ, దాని ఒడ్డంతా మనిషి ఎత్తున మడ చెట్లు. చూడ్డానికి బాగుంది, కానీ మాకంటే ముందే సగం దుబాయ్ అక్కడికి వచ్చేసింది. గుడారాలు, జెండాలు, జనరేటర్ల మోత.

"ఇక్కడ నిద్ర పట్టదన్నా. ఇంకాస్త ముందుకు పోదాం" అన్నాడు ఖాదర్.

పాయ వెంబడి తెల్లగా, బల్లపరుపుగా నేల కనిపించింది. పైన ఉప్పు గట్టిపడి సిమెంటు చేసినట్టుంది. కారు దాని మీంచి వెళ్ళిపోయింది. వెనక ట్రైలర్ ఎడమ చక్రం మాత్రం పెంకు పగిలినట్టు శబ్దం చేసి ఇరుసు దాకా దిగిపోయింది. ఇలాంటి నేలని ఇక్కడ సబ్ఖా అంటారు. మన కోస్తాలో ఉప్పు పర్ర లాంటిదే, పైన చెక్కు, కింద బురద. దిగి చూస్తే కారు చక్రాలు కూడా తడి పట్టాయి.

పారతో తవ్వాం. కారులో కాళ్ళ కింద పరిచే పట్టాలు తీసి చక్రాల కింద వేశాం. కారు ముందుకు లాగినకొద్దీ ట్రైలర్ పక్కకి ఒరిగింది. అప్పటిదాకా నేను చూడని సంగతి షమీమ్ చూసింది. "అన్నా, నీళ్ళు ఎక్కుతుండాయి." పాయలో పోటు మొదలైంది. ఇందాక ఎండిపోయి కనిపించిన చెట్ల మొదళ్ళు అప్పటికే మునిగాయి. నీళ్ళు సన్నని పొరలా మావైపు వస్తున్నాయి. ఖాదర్ పార అందుకుని ఇంకా వేగంగా తవ్వాడు. ఆ ట్రైలర్ అతనికి పండక్కీ, సెలవుకీ ఉన్న ఒక్క ఇల్లు. షమీమ్ గ్యాసు బండ దించి మోసుకుపోతుంటే అంతదాకా కారులో కూర్చున్న సుజాత దిగి రెండో వైపు పట్టుకుంది. తర్వాత ఇద్దరూ పరుపులు, పెట్టెలు ఒక్కొక్కటే పొడి నేల మీదికి చేర్చారు.

ఐదు దాటాక ఒక పాత ల్యాండ్ క్రూజర్ చాలా దూరంలో ఆగింది. అందులోంచి తెల్లగడ్డం ముసలాయన దిగి, తెల్లంగీ మోకాళ్ళ దాకా ఎత్తి కట్టి నడుచుకుంటూ వచ్చాడు. ఈ దేశస్థుడే. పేరు సయీద్ అని తర్వాత చెప్పాడు. చుట్టూ ఒకసారి తిరిగి చూసి హిందీలో, "పహలే పానీ నికాలో" అన్నాడు, ముందు నీళ్ళు తీసెయ్యమని. నీళ్ళ ట్యాంకు నిండుగా ఉన్న సంగతి మాకు తట్టనేలేదు. అదంతా వదిలేశాం. టైర్లలో గాలి తగ్గించాం. ఆయన తన బండి గట్టినేల మీదే ఉంచి పొడుగాటి తాడు విసిరాడు. రెండు బండ్లూ కలిసి లాగితే మూడోసారికి ట్రైలర్ బురదలోంచి లేచి వచ్చింది. "ఖలాస్" అన్నాడాయన, తాడు చుట్టుకుంటూ. చక్రం దిగిన గుంటలో నీళ్ళు నిండడం నిలబడి చూశాం.

గట్టినేల మీద మకాం పెట్టాక షమీమ్ టీ కాచింది. సయీద్ కాసేపు కూర్చున్నాడు. ఒకప్పుడు చేపల వేట చేసేవాడట. బొంబాయి లాంచీలవాళ్ళ దగ్గర హిందీ వచ్చిందట. మర్యాదకి ఒక్కొక్కరినీ అడుగుతూ వచ్చాడు, ఏ ఊరు, ఎంతమంది పిల్లలు అని. సుజాత దగ్గరికి వచ్చి, "భాయీ హై, బేటీ?" అన్నాడు, అన్నదమ్ములున్నారా అని.

నేను ఏదో చెప్పబోయాను. సుజాతే జవాబు చెప్పింది. "థా. అబ్ నహీ హై."

ఉండేవాడు, ఇప్పుడు లేడు. ఆ మాట ఆమె పైకి అనడం నేను వినడం అదే మొదలు. ఖాదర్, షమీమ్ తలలు వంచుకుని దువా చేసుకున్నారు. సయీద్ కూడా పెదాలు కదిపి, ఆగి, ఏం పని చేసేవాడని అడిగాడు. నావ, వేట అని చెప్పింది సుజాత.

"కౌన్సీ మఛ్లీ?"

ఏ చేపలు పట్టేవాడని, వేటగాడు ఇంకో వేటగాడి గురించి అడిగినట్టే అడిగాడు. సుజాతకి హిందీలో చేపల పేర్లు రావు. ఖాదర్ వైపు తిరిగి, "పండుగప్ప అని చెప్పండి తమ్ముడూ. కొయ్యింగలు కూడా. మడ పీతలైతే ఇంతంతవి తెచ్చేవోడు" అని రెండు చేతులూ చాపి చూపించింది. చేతులు మరీ ఎడంగా చాపిందని తనకే తోచి నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపు వచ్చేసింది. షమీమ్ వెళ్ళి పక్కన కూర్చుని భుజం పట్టుకుంది. చాలాసేపు ఏడ్చింది. సయీద్ కదల్లేదు, ఓదార్చలేదు. టీ తాగి, గ్లాసు కింద పెట్టి, ఆమె కళ్ళు తుడుచుకున్నాక లేచాడు. వెళ్ళేముందు ఖాదర్‌తో, తెల్ల నేలని ఎప్పుడూ నమ్మొద్దని మాత్రం చెప్పాడు.

ఆడవాళ్ళు ట్రైలర్‌లో, మేమిద్దరం బయట గుడారంలో పడుకున్నాం. గురువారం పొద్దున ఆరున్నరకి లేచేసరికి పాయలో నీరు తీసింది. బురదలో ఫ్లెమింగోలు వరసగా నిలబడి మూతులు ముంచి తింటున్నాయి. "మా పులికాట్ పిట్టలేనన్నా. ఇవి కూడా వీసా మీద వచ్చినట్టుండాయి" అన్నాడు ఖాదర్. షమీమ్ ఉప్మా చేసింది. సుజాత రెండోసారి పెట్టించుకుని తింది. షమీమ్ నా వైపు చూసింది.

తొమ్మిదింటికి కల్బాకి బయల్దేరాం. దారిలో ధైద్ దగ్గర పెట్రోలు పోయించుకుని, టైర్లకి గాలి, ట్యాంకులోకి నీళ్ళు పట్టాం. మ్లేహా దాటాక ఇసక అయిపోయి రాతి కొండలు మొదలవుతాయి. రోడ్డు సొరంగాల్లోంచి దూరి అవతల ఒమాన్ సముద్రం వైపు దిగుతుంది. ఎక్కుడులో ఇంజను వేడెక్కకుండా రెండుచోట్ల ఆగాం. చేరేసరికి పన్నెండున్నర.

ఖోర్ కల్బా మడ అడవి రక్షిత ప్రాంతం. లోపల మకాం ఒప్పుకోరు. టికెట్ తీసుకుని కర్రల వంతెన మీద నడిచి చూసి రావాలి. ఇక్కడి చెట్లు ఉమ్ అల్ ఖువైన్ చెట్ల కంటే పెద్దవి, నీడ చల్లగా ఉంటుంది. ఎండ్రకాయలు, నీలిరెక్కల లకుముకి పిట్టలు దగ్గరగా కనిపిస్తాయి. వంతెన కింద బురదలోంచి మడ వేళ్ళు పెన్సిళ్ళలా పైకి పొడుచుకుని ఉన్నాయి. సుజాత కమ్మీ పట్టుకుని వాటినే చూసింది.

"చిన్నప్పుడు ఇవి కాళ్ళలో దిగుతాయని అన్నయ్య నన్ను ఎత్తుకుని దాటించేవోడు" అంది. "నేను బరువెక్కాక కూడానండీ. తిట్టుకుంటానే ఎత్తేవోడు."

సాయంత్రం అనుమతి ఉన్నచోట, ఊరి తీరాన ట్రైలర్ నిలిపాం. జాలర్లు వలని పికప్ బండికి కట్టి ఒడ్డుకి లాగుతున్నారు. వాళ్ళ దగ్గరే చేపలు కొన్నాం. తిన్నాక సుజాత, నేను నీళ్ళ అంచున కాసేపు నడిచాం.

"ఆ వారమంతా వదిన ఆసుపత్రి బయట ఒక్కతే ఎలా ఉందో ఏంటో" అంది ఉన్నట్టుండి. నాలుగడుగులు వేసి, "నేను ఎప్పుడూ అడగలేదండీ" అంది మళ్ళీ.

శుక్రవారం చెత్త సంచులు కట్టుకుని, మకాం చోటు ఊడ్చి, తొమ్మిదిన్నరకి తిరుగు ప్రయాణం మొదలుపెట్టాం. ఖాదర్ బండి నడుపుతున్నాడు, పక్కన నేను, వెనక ఆడవాళ్ళు. ఊరు దాటి కొండలు దగ్గరవుతుండగా సుజాత ఫోన్ తీసింది. ఎవరికి చేస్తుందో మాకు చెప్పలేదు.

"వదినా… నేనే."

ఖాదర్ చెయ్యి చాపి ఏసీ తగ్గించాడు.

"ఏడవకు వదినా. తిన్నావా? లేదు, ఇంటి దగ్గర కాదు. సముద్రం చూట్టానికి వచ్చాం. ఇక్కడా మన మడ ఉంది." మళ్ళీ కాసేపు విన్నది. తర్వాత గొంతు తగ్గించి, "అన్నయ్య నన్ను అడిగాడా వదినా?" అంది.

సరిగ్గా అప్పుడే సొరంగంలోకి వెళ్ళాం. ఫోన్ తెగిపోయింది.

"హలో, హలో" అంది సుజాత. ఖాదర్ వేగం పెంచాలని చూసి, అద్దంలో ట్రైలర్ ఊగడం కనిపించి మళ్ళీ తగ్గించాడు. పసుపుపచ్చ దీపాలు ఒకదాని వెనక ఒకటి వెళ్ళిపోతున్నాయి. ఆ సొరంగం వెళ్ళేటప్పుడు అంత పొడుగున్నట్టు నాకు గుర్తు లేదు.

వెలుతుర్లోకి రాగానే సుజాత నంబరు నొక్కేలోపే ఫోన్ మోగింది. మొదటి గంటకే తీసింది.

"నేను పెట్టెయ్యలేదొదినా. కొండలోంచి వెళ్తన్నాం, సిగ్నలు పోయింది. నేను పెట్టెయ్యలేదు."

తర్వాత చాలాసేపు విన్నది. "అన్నయ్యేనా? అన్నయ్యే చెప్పొద్దన్నాడా?" అంది. ఆ రాత్రి ఇంట్లో నాకు వివరంగా చెప్పింది. ఆసుపత్రికి వెళ్తూ ఆటోలో శ్రీను రత్నంతో అన్నాడట, దానికి చెప్పకు, విమానం లేకపోతే నడిచైనా బయల్దేరతాది అని. రత్నం అదే చెప్పబోతుంటే మొదటిరోజు సుజాత ఫోన్ పెట్టేసింది. ఇన్ని శుక్రవారాలూ చెబుదామనే చేసింది.

మ్లేహా, ధైద్ దాటాం. మళ్ళీ ఇసక, ఒంటెలు, ఎమిరేట్స్ రోడ్డు మీద లారీలు. వెనక సీట్లో మాటలు నడుస్తూనే ఉన్నాయి. పిల్లల చదువులు, అమ్మేసిన నావ, దాన్ని కొన్నదెవరు. ఈ దారిన వెళ్ళాలనుకునేవాళ్ళకి నేను చెప్పగలిగేది కొంచెమే. నవంబరు నుంచి మార్చి లోపు వెళ్ళండి. పెద్ద సెలవుల్లో వద్దు. పోటుపాట్ల వేళలు తెలుసుకోండి. పొడుగాటి తాడు పెట్టుకోండి. ఉమ్ అల్ ఖువైన్‌లో పక్షులు, కల్బాలో చెట్లు ఎక్కువ. రెండిట్లో ఒకటే చూడగలిగితే కల్బాకే వెళ్ళమంటాను. ట్రైలర్‌తో నెమ్మదిగా పోవాలి. నెమ్మదిగా పోతే ఒక మనిషి పక్కన ఎక్కువసేపు ఉండాల్సి వస్తుంది. మాకు పనికొచ్చింది అదే.

ఒంటిగంటకి యార్డుకి చేరాం. గొలుసులు విప్పి, ట్రైలర్ దించి, ఉప్పు పట్టకుండా చక్రాలు కడిగాం. షమీమ్ ఫ్లాస్కులో మిగిలిన టీ మూడు కప్పుల్లో పోసింది. సుజాత కారులోనే ఉంది, ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది.

"ఇంటికి పోదామా అన్నా?" అన్నాడు ఖాదర్.

"కాసేపు ఆగుదాం" అన్నాను. ముగ్గురం ట్రైలర్ నీడలో నిలబడి టీ తాగాం.