రెండు సీట్లకీ సరే

కనకాలపేట రొయ్యల రైతు ఉమామహేశ్వరం ఎవరికీ కుదరదని చెప్పి ఎరుగడు. ఇద్దరు కొనుగోలుదార్లు అడిగితే ఇద్దరికీ సరేనంటాడు. ముందు ఎవరి వ్యాను వస్తే సరుకు వాళ్ళది. కూతురు ధనశ్రీకి ఢిల్లీ కాలేజీలోనూ బెంగళూరు కాలేజీలోనూ వేలల్లో ఒకరికి దొరికే సీట్లు వచ్చాయి. ఆమె తేల్చుకోలేక సతమతమవుతుంటే చూడలేక, ఆమె ఫోనులో రెండింటికీ తనే ఒప్పుకున్నాడు.

“కొంపముంచావు నాన్నా! ఇలాగైతే రెండూ తీసేస్తారు. సాయంత్రంలోగా ఒకళ్ళకి వద్దని చెప్పాలి.”

ఉమామహేశ్వరం చెరువు గట్టుకి వెళ్ళాడు, వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు.

“పోనీ, నువ్వు ఊళ్ళో లేవని సెప్పేద్దామేటమ్మా?”

ధనశ్రీకి నవ్వాగలేదు. ఆ నవ్వులోనే ధైర్యం చేసి ఢిల్లీకి వద్దని రాసింది.

“దణ్ణం పెట్టేనని కూడా రాయమ్మా,” అన్నాడు ఉమామహేశ్వరం. “మళ్ళీ ఆళ్ళతో ఏం పనడుద్దో!”