ఇరవై ఎనిమిదో షేక్‌హ్యాండ్

సుమలతది ఎల్లంతకుంట. తల్లీ తండ్రీ కూలికి పోయి చదివించారు. సిరిసిల్లలో డిగ్రీ, ఆ తర్వాత లెక్కల్లో ఎమ్మెస్సీ చేసి, జగిత్యాలలో ఒక ప్రైవేటు కాలేజీలో చేరింది. కంప్యూటర్స్ మొదటి ఏడాది పిల్లలకు డిస్క్రీట్ మ్యాథమెటిక్స్ చెప్పేది. గైడు బట్టీ పట్టించడమంటే ఆమెకు ఒళ్లుమంట. ఏ లెక్కయినా చేసి చూడాల్సిందే.

ఆ రోజు గ్రాఫుల పాఠం, అంటే చుక్కలు, వాటిని కలిపే గీతలు. ఎనిమిది మందిని ముందుకు పిలిచింది.

"ఒక్కొక్కలు మిగిలినోళ్లందరికి షేక్‌హ్యాండ్ ఇయ్యుండ్రి. మొత్తం ఎన్నయితయో చూద్దాం."

ఒక్కొక్కరు ఏడుగురికి ఇవ్వాలి, ఇద్దరికీ కలిపి ఒకటే లెక్క కాబట్టి ఇరవై ఎనిమిది రావాలి. బోర్డు మీద షేక్‌హ్యాండ్‌కో గీత గీస్తున్న ప్రణీత అనే అమ్మాయి ఇరవై ఏడు దగ్గర ఆగిపోయింది.

"ఎవలెన్ని ఇచ్చిండ్రు?" అడిగింది సుమలత.

ఆరుగురు ఏడు అన్నారు. సాకేత్ రావు ఆరు అన్నాడు. దేవదాస్ తల దించుకుని తనదీ ఆరే అన్నాడు. సాకేత్ వాళ్లు ఒకప్పటి దొరలు. దేవదాస్ బుగ్గారం కూలీల కొడుకు, దళితుడు, సుమలత కులమే.

"ఒకటి తక్కువున్నది సాకేత్. చెయ్యి కలుపు."

"గిది సిలబస్‌ల ఉన్నదా మేడం?" అన్నాడు సాకేత్. వెనక బెంచీల్లో నవ్వులు.

"ఇడిసిపెట్టుండ్రి మేడం, నాకు అలవాటే," అన్నాడు దేవదాస్.

సుమలతకు కళ్లు మండాయి. పద్దెనిమిదేళ్లకే అలవాటట!

మధ్యాహ్నం ప్రిన్సిపాల్ భాస్కర్ రావు పిలిపించాడు. "సాకేత్ వాళ్ల నాయిన ఫోన్ జేసిండు. రేపు ఇరవై ఎనిమిదని రాసి పాఠం ముందుకు నడపుండ్రి. గంతే."

"అయినయి ఇరవై ఏడు సార్. ఇంకొకటి నేనెట్ల రాస్త?"

"ఫార్ములా ప్రకారం ఇరవై ఎనిమిదే గదమ్మా!"

"అందరు చేతులు కలిపితేనే సార్ ఆ ఫార్ములా. మరి దేవదాస్ వాళ్ల నాయినకు ఎవలు ఫోన్ జేసిండ్రు?"

ఆయన ఫైలు తెరిచి అందులో తల దూర్చాడు.

మర్నాడు సుమలత బోర్డు మీద ఎనిమిది చుక్కలు పెట్టి, ఇరవై ఏడు గీతలే గీసింది. సాకేత్ లేచి బయటికి నడిచాడు. అతని వెనకే మరో నలుగురు. దేవదాస్‌కు ఎవరూ క్షమాపణ చెప్పలేదు. సెమిస్టర్ కాగానే ఇక రానక్కర్లేదని సుమలతకు కబురొచ్చింది.

ఇప్పుడు కోరుట్లలో మరో కాలేజీలో పాఠాలు చెబుతోంది. సాకేత్ మీద, ప్రిన్సిపాల్ మీద కోపం ఇంకా చల్లారలేదు. అంతకన్నా ఎక్కువ తన మీదే. లెక్క తేల్చాలన్న పట్టుదలతో ఆ పిల్లవాడి నోటితో, అంత మంది ముందు, ఆరు అనిపించింది తానే కదా.